ఒక్కపొద్దు మందులు

మా అత్త జైతూన్‌బీది ఉడుంపట్టు. జబ్బు మనిషికి ఉపవాసం లేకపోయినా తప్పు కాదని ఎవరు చెప్పినా వినదు. దురదకు మా ఊరు కోటలో ఉండే డాక్టర్ కృపాదానం గారు మాత్రలిచ్చారు. కడుపునొప్పికి నెల్లూరు నుంచి చుక్కల మందు తెచ్చుకుంది. ఆయాసానికి ఎప్పటినుంచో ఉమ్మెత్తాకు చుట్టే. రోజంతా విడివిడిగా వాడాల్సిన మందులవి. రంజాన్ నెల కదా, పొద్దుగూకి ఖర్జూరం నోట్లో వేసుకోగానే పగటివన్నీ కలిపి ఒకేసారి వాడేసేది.

"నోరు పిడచగడతా ఉందే లాల్‌బీ," అంది ఆ సాయంత్రం కూడా మందులన్నీ వాడేశాక.

"ఒక్కపొద్దుంటే పిడచగట్టక తేనె కారుద్దా?" అన్నాను.

కాసేపటికి ఆమె గాలిలోంచి దారాలు లాగడం మొదలుపెట్టింది. లేని దారాన్ని వేలికి చుట్టుకుని పళ్లతో తెంపింది. మొహం ఎర్రగా కందిపోయింది. ఒళ్లు పెనంలా కాలుతున్నా ఒక్క చెమట బొట్టు లేదు. కంటిపాపలు కన్నంతా పరుచుకున్నాయి. కన్నకొడుకును చూసి, "ఎవడ్రా నువ్వు? సముద్రంలోంచి వచ్చినావా?" అని అరిచింది.

మా ఆయన అల్లాబక్షు ఆమె రెక్క పట్టుకున్నాడు. "అమ్మకు గాలి సోకింది. కట్టేసి దర్గాకు తీసకపోదాం," అని మోకు తెచ్చాడు. అంతలో ఆమె ఎగరొప్పుతుంటే ఇంకో ఉమ్మెత్త చుట్ట వెలిగించి నోటికి పెట్టబోయాడు.

దాన్ని లాక్కుని వాకిట్లోకి విసిరేశాను. "నీ చేతులు పడిపోను! మందులు పడినాకే గదయ్యా ఇట్టయింది! డాక్టర్ని పిలుచుకొని రాపో!"

కృపాదానం గారు కంట్లో టార్చి వేసి చూశారు. వెలుగుకు కంటిపాప ముడుచుకోలేదు. పొత్తికడుపు నొక్కి, "ఒంటికి పోసిందా?" అని అడిగారు. మధ్యాహ్నం నుంచి లేదన్నాను. ఆయన మొహం మారిపోయింది.

"మూడు రోగాలకు మూడు మందులు. కానీ మూడూ ఒంట్లో తడిని ఎండగట్టేవే. మూడూ ఒక్కసారే పడినాయి. ఇంకో చుట్ట తాగుంటే గుండె తట్టుకునేది కాదమ్మా."

"బతుకుద్దా అయ్యా?"

"తెల్లారేదాకా చెప్పలేను," అంటూ గొట్టం వేసి ఉచ్చ తీశారు. తడిగుడ్డలు మారుస్తూ ఉండమన్నారు. కట్టేద్దామన్న కొడుకే ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాడు.

తెల్లవారాక అత్త కళ్లు తెరిచింది. పలకరించాలంటే నాకు భయం.

"అత్తా, నేనెవర్ని?"

తేరిపార చూసింది.

"అల్లా తోడు, చెప్పత్తా, నేనెవర్ని?"

"ఇంత నోరు కోటలో ఇంకెవరికుందే లాల్‌బీ," అని నాలుక చాపి వెక్కిరించింది.

నాలుక మీద తడి మెరిసింది. నేను బావురుమన్నాను.