మోగక్కర్లేని రేడియో

“మోగక్కర్లేదు ఆర్డీ, చూపుకి సరిగ్గా ఉంటే చాలు. ముఖం మీద గీతలుండకూడదు, మీటలు అసలువై ఉండాలి. లోపల ఏముందో ఎవడిక్కావాలి?”

ఆర్డిత్ శాండ్‌విచ్‌ల రొట్టెకి ఆవపిండి ముద్ద రాస్తుంటే, ఆమె భర్త వెండెల్ కాఫీ కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఈ మాటన్నాడు. అతనికి ఉల్లిపాయ పడదు. అతని స్నేహితుడు క్లైడ్‌కి ఉల్లిపాయ లేకపోతే ముద్ద దిగదు. వాళ్ళ పాత కార్ల క్లబ్బులో మిగతా మగవాళ్ళకు ఏం పడుతుందో, ఏం పడదో కూడా ఆర్డిత్‌కి కంఠతా వచ్చు. ఆమె మధ్యాహ్నం ఏం తింటుందో ఆ క్లబ్బులో ఎవరికైనా తెలుసా అని అడిగితే, అందరూ ఆకాశంలోకి చూస్తారు.

ఏటా జూన్‌లో కౌంటీ మైదానంలో పాత కార్ల పండగ. శనివారం విడిభాగాల సంత, ఆదివారం పోటీ. కారు ఫ్యాక్టరీలోంచి ఏ రోజున ఎలా బయటికొచ్చిందో అచ్చం అలాగే ఉండాలి, లేకపోతే మార్కులు కోసేస్తారు. కిందటేడు రేడియో దగ్గరే వెండెల్‌కి బహుమతి కప్పు తప్పిపోయింది. అణుబాంబు భయం రోజుల్లో, దాడి జరిగితే ఏ స్టేషన్ పెట్టుకోవాలో తెలియడానికి రేడియోల మీద రెండు చిన్న త్రికోణాలు వేయించింది ప్రభుత్వం. అది యాభైమూడులో మొదలైంది. వీళ్ళ హడ్సన్ కారు యాభైఒకటిది. వెండెల్ తెప్పించిన రేడియో మీద రెండు త్రికోణాలూ ఎర్రగా నవ్వుతున్నాయి. “మనదాని మీద ఇవి ఉండేవి కావు వెండెల్” అని ఆమె పెట్టె విప్పినప్పుడే చెప్పింది. “నీకేం తెలుసు, చిన్నపిల్లవి అప్పుడు” అన్నాడు. న్యాయనిర్ణేత మార్కులు కోశాక, “ఆ అమ్మేవాడికి ఫోన్ చేసింది నువ్వే కదా, అడగొద్దూ?” అని కూడా అతనే అన్నాడు. అత్తగారు ఓపల్ ఆ ఆదివారం భోజనాల దగ్గర వడ్డించుకుంటూ, “వాడు పాపం ఎంత కష్టపడ్డాడో. ఇంట్లో ఒక్కరైనా కాస్త శ్రద్ధ పెడితే ఏం పోయేది?” అంది. ఆ ఒక్కరు అప్పుడు పొయ్యి దగ్గర గ్రేవీ కలుపుతూ ఉంది.

అసలు చెప్పాలంటే ఆ కారుకి దానితోపాటు పుట్టిన రేడియో ఉండేది. వెండెల్ బాగుచేయడం మొదలుపెట్టిన మొదటి వేసవిలోనే, ఆర్డిత్ పళ్ళ డాక్టరు ఆఫీసులో ఫోన్లు ఎత్తుతూ ఉండగా, “గుర్రుమంటున్న పాత డబ్బా” అని దాన్ని చెత్తబండికి వేసేశాడు. ఆమె ఇంటికొచ్చి చూసేసరికి డాష్‌బోర్డులో పన్నూడిన నోరులా ఓ కంత. ఆ రాత్రి ఆమె గ్యారేజీలో బట్టలు ఆరేసే తీగ కింద నిలబడి ఏడ్చింది. “డబ్బా కోసం ఏడుస్తావేంటి, ఇంకోటి కొందాం” అన్నాడతను, నిజంగానే జాలిపడి. వెండెల్ చెడ్డవాడు కాదు. అదే ఆమె చిక్కు. చెడ్డవాడైతే ఎప్పుడో గట్టిగా ఓ మాట అనేసి ఉండేది.

ఆ కారు ఆమె మేనత్త బ్యూలాది. బ్యూలా కౌంటీ నర్సు. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోనందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. పొలాల మధ్య ఇళ్ళకు వెళ్ళి బాలింతల్ని, పసిపిల్లల్ని చూసొచ్చేది. వేసవి సెలవుల్లో ఆర్డిత్‌ని పక్కన కూర్చోబెట్టుకునేది. పొద్దువాలి తిరుగుదారి పట్టాక రేడియో పెట్టేది. పొద్దు వాలితే దూరపు స్టేషన్లు వస్తాయి. “నువ్వు తిప్పవే, ఊళ్ళొస్తాయి” అనేది అత్త. ఆర్డిత్ మీట తిప్పేది. చికాగో వచ్చేది, ఎవరో నవ్వుతూ మాట్లాడేవారు. ఇంకాస్త తిప్పితే సెయింట్ లూయిస్, మబ్బు లేని రోజున న్యూ ఆర్లియన్స్, అక్కణ్ణించి ఓ బాకా పాట. ఇరుపక్కలా మొక్కజొన్న చేలు నల్లబడుతూ ఉంటే, డయల్ మీది పసుపు వెలుతురు తన వేళ్ళ మీద పడుతూ ఉంటే, ఇంత పెద్ద దేశం తన వేళ్ళ కింద ఉందనిపించేది. పెద్దయితే తనూ ఇలాగే ఒక్కతే కారు నడుపుకుంటూ పోతుందని, ఎక్కడికి అనేది అప్పుడు చూసుకోవచ్చని అనుకునేది. అత్త పోతూ పోతూ కారు ఆర్డిత్‌కే రాసిపోయింది. ఇవాళ్టికీ కాగితాల మీద ఆర్డిత్ పేరే. ఆమె దాన్ని రెండేళ్ళు ఆఫీసుకి నడిపింది. తర్వాత పిల్లలు, తర్వాత వాళ్ళంతా పట్టే స్టేషన్ వ్యాగన్. హడ్సన్ గ్యారేజీలోకి వెళ్ళింది. ముందు “నీ కారు బాగుచేస్తా” అన్నాడు వెండెల్, కొన్నాళ్ళకు “మన కారు” అన్నాడు, ఆఖరికి పోటీలో అద్దం మీద పెట్టే అట్టముక్క మీద తన పేరొక్కటే రాసుకున్నాడు. ఎప్పుడు మారిందో ఆమె పట్టుకోలేకపోయింది. ఇప్పుడామె దాని క్రోమ్‌ని టూత్‌బ్రష్‌తో తోముతుంది. నడపడం మాత్రం కుదరదు. అసలెవరూ నడపరు. ట్రెయిలర్ మీద ఎక్కిస్తారు, దించుతారు. వాన చుక్క పడితే మైదానంలో మగవాళ్ళంతా పసిపిల్లల తల్లుల్లా టార్పాలిన్లు పట్టుకుని పరిగెడతారు.

సంతలో వెండెల్, క్లైడ్ డేరా కింద కుర్చీలేసుకున్నారు. వెతకడం ఎప్పటిలాగే ఆర్డిత్ పని. చక్రాల మూతల గుట్టలు, తుప్పు బంపర్లు, ఎప్పటివో హారన్లు దాటుకుంటూ వరస వెంట వరస నడిచింది. చివరి వరసలో ఓ పికప్ ట్రక్కు వెనక దించిన పలక మీద, దుప్పటి పరిచి, ఆమె ఈడు మనిషే ఒకామె సామాను పెట్టుకుని కూర్చుంది. పేరు ఎలోయిస్ అట. మొగుడు పోయాడు, గ్యారేజీ ఖాళీ చేస్తోంది.

దుప్పటి మూల హడ్సన్ రేడియో. డయల్ మీద త్రికోణాల్లేవు. ఆర్డిత్ వంగి మరోసారి చూసింది.

“పొద్దుట్నించీ నలుగురు చూశారమ్మా దాన్ని” అంది ఎలోయిస్. “గీతలున్నాయా, మీటలు అసలువేనా, అంటారు. ఇది పలుకుతుందా అని ఒక్క మగాడైనా అడగలేదనుకో!”

“పలుకుతుందా?” అని అడిగింది ఆర్డిత్.

ఎలోయిస్ ట్రక్కులోంచి ఓ పాత బ్యాటరీ, చిన్న స్పీకరు, ఓ తీగ ముక్క తీసింది. తగిలించింది. ఏమీ లేదు. “ఉండు. లోపలి బల్బులు వేడెక్కాలి. మనలాగే, లేవగానే పరిగెత్తలేదు” అంది. తర్వాత సన్నగా ఓ గుర్రు. ఆ గుర్రు వినగానే ఆర్డిత్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ తనకు కావలసింది పాట కూడా కాదు, పాటకు ముందొచ్చే ఈ గుర్రే అనిపించింది. తర్వాత ఎవరో సోయా చిక్కుళ్ళ ధర చెప్పారు, పందుల ధర చెప్పారు.

“ఎవరి కారుకమ్మా?” అంది ఎలోయిస్.

“మా ఆయన కారుకి” అంది ఆర్డిత్.

అనేశాక ఆ మాట ఆమెకే చెంపదెబ్బలా తగిలింది. వెండెల్ అనలేదు, ఓపల్ అనలేదు. తన నోరే, ఎవరూ బలవంతపెట్టకుండా, అంత తేలిగ్గా అప్పజెప్పేసింది. సరిదిద్దుకుందామనుకుంది. అప్పటికే ఎలోయిస్ రేడియోని దుప్పటి ముక్కలో చుడుతోంది.

డేరాకి చేరేసరికి వెండెల్ దాన్ని ఆమె చేతుల్లోంచి లాక్కున్నంత పని చేశాడు. “చూశారా! పట్టేశాను! ఎనిమిదేళ్ళ వేట!” అని పైకెత్తి చూపించాడు. క్లైడ్ అతని వీపు తట్టాడు. అందరూ ఆమె తెచ్చిన శాండ్‌విచ్‌లు తింటూ వెండెల్‌ని మెచ్చుకున్నారు.

“మోగుతుంది వెండెల్. నేను విన్నాను” అంది ఆర్డిత్.

“మోగితే ఇంకా ప్రమాదం. కొత్త వైరింగుకి ఆ పాత సరుకు తగిలిస్తే కాలిపోదూ? సాయంత్రం లోపలిదంతా పీకేసి ముఖం బిగించేస్తా.”

“పీకొద్దు.”

“ఆర్డీ, అక్కడ చెవులకి మార్కుల్లేవు” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమెకూ అలవాటుగా నవ్వొచ్చింది. దారంతా ఆ నవ్వుని తలుచుకుని సిగ్గుపడింది.

ఇంటికొచ్చాక వెండెల్ సన్న మరలు కావాలని క్లైడ్ ఇంటికి వెళ్ళాడు. ఆర్డిత్ గిన్నెలు తోముదామని సింకు దగ్గరికెళ్ళి, కుళాయి తిప్పి, మళ్ళీ కట్టేసింది. గ్యారేజీలోకి నడిచింది. ఇన్నేళ్ళూ అతను డాష్‌బోర్డు కింద పడుకుని పనిచేస్తుంటే టార్చి పట్టుకున్నది ఆమె. “ఇటు కాదు, అటు పట్టు” అని కసిరించుకుంటూనే ఏ తీగ ఎక్కడికి పోతుందో చూసింది. త్రికోణాల రేడియోని ఊడదీసి, ఆ కంతలోకి ఈ రేడియోని తోసింది. మరలు బిగించింది, గోరు విరిగింది, ఏరియల్ తీగ తగిలించింది. కాలుతుందా? కాలితే కాలనీ అని ఓసారి అనుకుని, ఆ తెగింపుకి తనే భయపడి, దారిలో ఓ ఫ్యూజు కూడా పెట్టింది.

డ్రైవరు సీట్లో కూర్చుని మీట తిప్పింది. ఆగింది. గుర్రు వచ్చింది. వేళ్ళ మీద పసుపు వెలుతురు పడింది. వేళ్ళు ముడతలు పడ్డాయి, వెలుతురు మాత్రం అదే. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది, బ్యూలా అత్త కోసం, ఎక్కడికి అనేది అప్పుడు చూసుకోవచ్చనుకున్న ఆ పిల్ల కోసం. ఏడుస్తూనే ఇంకాస్త తిప్పింది. మాట ఒకటి అందీ అందకుండా వచ్చింది, పోయింది. ఇక్కడ కాదు, ఈ రేకుల కింద కాదు, బయటికి పోతే అందుతుంది.

బయట మబ్బు దట్టంగా కమ్మింది. ఆమె గ్యారేజీ తలుపు ఎత్తి వచ్చి, స్టార్టరు మీట నొక్కింది. ఇంజను ఒక్క పిలుపుకే లేచింది. కారు ముందుకు కదిలి, సగం వెలుపలికి వచ్చేసరికి మొదటి చినుకులు బానెట్ మీద టపటపా పడ్డాయి. అప్పుడే వెండెల్ ట్రక్కు వాకిట్లోకి మలుపు తిరిగింది. అతనూ క్లైడూ దిగి చేతులూపుకుంటూ పరిగెత్తుకొచ్చారు.

“ఏం చేస్తున్నావ్ ఆర్డీ! వాన! వానలో తీస్తావా! పిచ్చెక్కిందా నీకు? రేపు పోటీ పెట్టుకుని!”

దూరంగా మెరుపు మెరిసింది. రేడియో చిటపటలాడింది, దాని వెనకాల ఎక్కడిదో ఓ స్టేషన్ తేటపడింది. ఎవరో ఆడమనిషి పాడుతోంది. వెండెల్ కిటికీ దగ్గరకొచ్చి, వానలో తడుస్తూ, ఆ పాట విని ఒక్క క్షణం నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. అతనూ ఆ కారులోంచి శబ్దం రావడం ఎన్నో ఏళ్ళకి విన్నాడు మరి.

ఆర్డిత్ అద్దం దించింది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. గొంతు మామూలుగానే ఉంది, కాఫీలోకి చక్కెర కావాలా అని అడిగినట్టే.

“రేపటి పోటీకి నువ్వు వెళ్ళు వెండెల్. నా కారు రాదు.”