నాలుగో కవరు

ఒర్తెన్సియా తలమీద కూతురి ఎర్ర టోపీ ఉంది. ఒంటిమీద మొగుడి మెకానిక్ కోటు ఉంది. ముక్కుమీద నల్ల కళ్ళద్దాలున్నాయి. ఈ వేషంలో తనను కన్నతల్లి కూడా గుర్తుపట్టదని ఆమె నమ్మకం.

ఆమె దాక్కుంటున్నది పోలీసులకు కాదు. బంగాళాదుంపలు అమ్మే ఆవిడకి.

కొచబాంబా ఊళ్ళో శనివారం తొమ్మిది దాటితే లా కాంచా బజారులో చీమకి కూడా దారి దొరకదు. ఆ రద్దీనే నమ్ముకుని బయల్దేరింది ఒర్తెన్సియా. గిన్నెల సందులోంచి దూరి, ఉన్ని దుప్పట్ల వెనకగా నడిచి, కోళ్ళ గంపలు దాటితే అవతలి వరసలో పడొచ్చు. అక్కడ ఆమెనెవరూ ఎరగరు. అడ్డంగా ఉన్నది ఒకటే గండం. కోళ్ళ గంపలకి ఎదురుగా, బజారంతా గౌరవంగా 'దోన్యా' అని పిలిచే కసీల్దా కొట్టు.

పద్నాలుగేళ్ళుగా దుంపలూ, ఉల్లిపాయలూ, క్యారెట్లూ, మిరపకాయలూ కసీల్దా దగ్గరే కొంటోంది ఒర్తెన్సియా. ఒకరినొకరు 'కసేరా' అని పిలుచుకుంటారు. అమ్మేవాళ్ళకీ కొనేవాళ్ళకీ ఒకటే పిలుపు. ఆ పిలుపు ఒకసారి కుదిరాక పక్క కొట్టు వైపు తల తిప్పడం కూడా తప్పే. బదులుగా త్రాసు దించాక గుప్పెడు కొసరు పడుతుంది. కొసరు పడకుండా సంచి మూసే ఆడది ఆ బజార్లో లేదు.

అలాంటి కసేరాకి ఒర్తెన్సియా మొహం చూపించి మూడు వారాలైంది.

కారణం వంటింటి గోడమీద ఉంది. నాలుగు కవర్లు.

నెల క్రితం ఫెర్మీన్ పద్దెనిమిదేళ్ళ బస్సు కంపెనీ కొలువు వదిలేసి, ఇంటి ముందు గదిలో సొంతంగా వర్క్‌షాపు తెరిచాడు. యజమాని దోన్ రెమీహియో కోప్పడలేదు. "నెలరోజులు నీ చోటు ఖాళీగా ఉంచుతా. నెల తిరిగాక వచ్చే సోమవారానికి ఏ సంగతీ చెప్పు," అన్నాడు. యూనివర్సిటీలో లెక్కల చదువు మొదటి ఏడాది వెలగబెడుతున్న కూతురు దనిత్సా వెంటనే రంగంలోకి దిగింది. అద్దెకింత, కరెంటుకింత, బజారుకింత అని ఓ కాగితంమీద రంగురంగుల గీతలు గీసింది. బజారు డబ్బు నాలుగు శనివారాలకి నాలుగు కవర్లలో పెట్టి గోడకి గుచ్చింది. కవరుకి మూడు వందల బొలీవియానోలు.

"అప్పు చెయ్యకుండా నెల గడిస్తే షాపు ఉంటుంది. చేతులెత్తేస్తే ఆ సోమవారం నాన్న మళ్ళీ బస్సుల కిందికి. సరేనా?"

ఇద్దరూ బుద్ధిగా తలలూపారు. ఆ రోజునుంచి ఒర్తెన్సియాకి లెక్కలే లోకం. సబ్బు వాసన చూసి మళ్ళీ అరలో పెట్టేసేది. పళ్ళు తోముకుంటూ కూడికలు చేసేది. ఒకసారి బస్సు దిగుతూ, ఎక్కడ ఆపాలో చెప్పకుండా "నూట డెబ్భై ఆరు!" అని అరిచింది. డ్రైవరు బిత్తరపోయి అక్కడే ఆపేశాడు.

అయినా ఈ షాపు నిలబడాలి. పద్దెనిమిదేళ్ళు గుమ్మంలోకి రాగానే చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడిన మనిషి, ఇప్పుడు మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే "ఒక్క నిమిషమే, ఈ బ్రేకు చూసి వస్తా," అంటూ పిల్లాడిలా బతిమాలుతున్నాడు. ఆ మొహాన్ని మళ్ళీ బస్సుల కిందికి పంపడం ఆమెవల్ల కాదు.

దెబ్బ తగిలింది రెండో వారం. లారీ దగ్గర బస్తా లెక్కన కొంటే కిలోకి బొలీవియానోన్నర మిగులుతుందని దనిత్సా ఫోన్లో చూసి తేల్చింది. ఒర్తెన్సియా కొంది. బస్తా పైన రెండు జానల మేర దుంపలు ముత్యాల్లా ఉన్నాయి. అడుగునంతా మంచు కొట్టినవే. మెత్తగా, నీరోడుతూ, నోట్లో పెడితే తియ్యగా. ఒక పూట పులుసులో వేసి చూసి, మిగతావి ఎవరికీ చెప్పకుండా పారేసి, నాలుగో కవరులోంచి నూట అరవై తీసి మళ్ళీ కొంది.

ఇవాళ నాలుగో శనివారం. జేబులో నూట నలభై ఉంది. వారానికి సరిపడా తిండి కావాలి. మాంసానికీ, బియ్యానికీ, నూనెకీ ఆ డబ్బు బొటాబొటీ. కూరగాయలకి మిగిలేది సున్నా.

కోళ్ళ గంపల దగ్గర ఆమె తల వంచుకుంది. ఒక అడుగు. రెండు. మూడు.

"ఓ ఎర్ర టోపీ!"

ఒర్తెన్సియా నడక పెంచింది.

"ఏయ్! ఆ ఎర్ర టోపీ కింద నా కసేరా ఉంది, పట్టుకోండే!"

బజారు మాటని బజారు అందుకుంది. ఉల్లిపాయలావిడ గుమ్మడికాయలావిడకి, ఆవిడ మొక్కజొన్నలావిడకి. "ఎర్ర టోపీ! ఎర్ర టోపీ!" కోళ్ళు కూడా అరిచాయి. ఎదురుగా అరటిగెలల బండి అడ్డంగా ఆగింది. తప్పించుకునే దారి మూసుకుపోయింది.

ఒర్తెన్సియా కళ్ళద్దాలు తీసి వెనక్కి తిరిగింది.

దోన్యా కసీల్దా దుంపల గుట్ట వెనక, తెల్ల టోపీతో, నడుమ్మీద చేతులేసుకుని నిలబడి ఉంది. అరవై రెండేళ్ళ మనిషి. గొంతుకి మాత్రం ఇరవై.

"బతికే ఉన్నావన్నమాట. నీ ఆత్మశాంతికి కొవ్వొత్తి వెలిగించాను. ఆ కొవ్వొత్తి డబ్బులు ఇచ్చెయ్."

"కొంచెం ఒంట్లో బాగోక..."

"బాగోకపోతే మొగుడి కోటు తొడుక్కుంటారా? ఏ కొట్టే? ఎవత్తే అది? ఆ చివర బంగారు పన్నుదేనా? దాని త్రాసు కింద అయస్కాంతం ఉంటుందని ఊరందరికీ తెలుసు!"

"ఎవత్తీ కాదు దోన్యా కసీల్దా. లారీ."

కసీల్దా గుండెమీద చెయ్యి వేసుకుంది. "లారీయా! నన్ను ఒదిలేసి లారీతో వెళ్ళావా!"

చుట్టుపక్కల ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. ఆ నవ్వులో ఒర్తెన్సియా నెలరోజుల బిగువు పుటుక్కున తెగింది. ఏడుపో నవ్వో తెలియకుండా మొత్తం కక్కేసింది. షాపు, కవర్లు, సోమవారం, మంచు కొట్టిన బస్తా, జేబులో నూట నలభై.

కసీల్దా దుంపల మీద చెయ్యి ఆన్చి అంతా విన్నది.

"అదేదో మొదటి వారమే ఏడవచ్చు కదా. సరే, సంచి తియ్. వారానికి కావలసినవి పట్టుకుపో. వచ్చే నెలలో ఇద్దువు."

సంచి సగం తెరుచుకుంది. అంత సులువు. ఎవరికి తెలుస్తుంది? ఒర్తెన్సియా చెయ్యి దుంపలదాకా వెళ్ళి ఆగిపోయింది.

"వద్దు. అది అప్పు. అప్పు చేస్తే షాపు ఓడిపోయినట్టే. ఆయనకి అబద్ధం మీద నిలబెట్టిన షాపు ఇవ్వలేను."

"పోనీ కొసరనుకో."

"గుప్పెడైతే కొసరు. సంచి నిండితే బిచ్చం."

"అబ్బో! నూట నలభై జేబులో పెట్టుకుని ఎంత పొగరే నీకు!" కసీల్దా చేతి గడియారం చూసుకుని నాలిక కరుచుకుంది. "ఉండుండు. నువ్వు లెక్కలు తెలిసినదానివే కదా? ఉర్కుపీన్యా మాత పండగ దగ్గరపడింది. మా మొరెనాడా బృందానికి ఇవాళ పదింటికి రిహార్సలు. కొట్లో కూచుంటానన్న మా చెల్లెలు ఎగ్గొట్టింది. ఒంటిగంట దాకా నువ్వు కూర్చో. జీతం కూరగాయల్లో ఇస్తా."

"మీరు నాట్యానికా?"

"ఏం, దుంపలమ్మితే కాళ్ళుండవా? ఏడాదంతా నేను వేసే లెక్కలో మొట్టమొదటి గీత ఆ కుచ్చుల పావడాది. తిండి రెండోది. మీ పిల్ల ఆ కాగితంలో నవ్వుకోడానికి ఏమన్నా రాసిందా?"

ఒర్తెన్సియా ఆలోచించింది. రాయలేదు.

"మూడు గంటలకి ఎన్ని కిలోల దుంపలు?" అంది.

"ఆరు."

"పది. ఉల్లిపాయలు మూడు. క్యారెట్లు రెండు."

"ఎనిమిది! నన్ను కొట్టుతో సహా ఎత్తుకుపోతావా?"

"ఎనిమిది. పైన కొసరు."

"జీతానికి కొసరడిగిన మనిషిని నా పుట్టుకలో చూడలేదు!" కసీల్దా తన తెల్ల టోపీ తీసి ఒర్తెన్సియా నెత్తిన పెట్టింది, ఎర్ర టోపీ తను పెట్టుకుంది. "ఆడే కాలు ఆగదే కసేరా, నే పోతున్నా!" అంటూ ఆ గుంపులో మాయమైంది.

మొదటి పావుగంటలో ఒర్తెన్సియాకి ముచ్చెమటలు పోశాయి. పద్నాలుగేళ్ళు తను పెట్టిన ఆరళ్ళన్నీ ఇప్పుడు తనకే ఎదురయ్యాయి. "ఇంకొకటి వెయ్యి కసేరా." "ఆ పెద్దది వెయ్యి, చిన్నది పిల్లకాయలకి." "పోయిన వారం నువ్వు వెయ్యలేదు." పోయిన వారం తను ఇక్కడ లేదు మొర్రో అన్నా ఎవరూ వినలేదు. అరగంటకల్లా ఆమెకి కిటుకు దొరికింది. కొసరు వేసేముందు గుట్టంతా వెతికినట్టు నటించి, ఒక దుంపని పైకెత్తి ఎండలో తిప్పి చూపి, "నీకోసమే దాచా," అంటే చాలు. చిన్న దుంపకే మొహాలు చేటంతవుతున్నాయి. త్రాసు ఎత్తడం, దించడం, చిల్లర విసరడం, నవ్వడం. నెలరోజుల్లో మొదటిసారి డబ్బు రెండోసారి లెక్కపెట్టకుండా గల్లాలో వేసింది.

"కిలో ఎంతండీ? కొనడానికి కాదు. ధర రాసుకోడానికి."

ఆ గొంతు ఆమె పద్దెనిమిదేళ్ళుగా వింటోంది. ఎదురుగా నోటుపుస్తకం, పెన్సిలు, చెవి వెనక ఇంకో పెన్సిలు. దనిత్సా.

ఒర్తెన్సియా తెల్ల టోపీ కళ్ళమీదికి లాక్కుంది. "ఏడున్నర," అంది గొంతు మార్చి.

"లారీ దగ్గర ఆరే."

"లారీ దగ్గర అడుగు చూశావా పిల్లా?"

పెన్సిలు ఆగింది. "అమ్మా?!"

"కసేరా అనాలి. వరసలో జనం ఉన్నారు."

దనిత్సా గుట్ట చుట్టూ తిరిగి లోపలికొచ్చింది. దాచి లాభం లేదు. ఒకావిడకి ఉల్లిపాయలు తూస్తూ, ఇంకొకావిడకి చిల్లరిస్తూ ఒర్తెన్సియా కూతురికి నిజం చెప్పింది. బస్తా గురించి, నూట అరవై గురించి. దనిత్సా మొహంలో రంగులు మారాయి.

"అందుకా ఆవేళ పులుసు తియ్యగా ఉంది! నాన్న రెండుసార్లు వేయించుకున్నాడు కూడా!"

"మీ నాన్నకి తియ్యగా ఉంటే బోల్టులు పెట్టినా తింటాడు. తిట్టవే, తిట్టేదేదో ఇప్పుడే తిట్టు."

దనిత్సా తిట్టలేదు. ఖాళీ బుట్ట బోర్లించి కూర్చుంది. "అమ్మా, ఒకటి చెప్తే నాన్నకి చెప్పకు. ఆ మూడు వందలు ఎలా వచ్చిందో నాకే తెలీదు. రెండువందల ఎనభై రాశా, భయమేసింది. మూడు వందల ఇరవై రాశా, ఇంకా భయమేసింది. మూడు వందలు చూడ్డానికి బాగుందని ఉంచేశా. రోజూ క్లాసులో కూర్చుని మన ఇంటి లెక్కే చేస్తున్నా. పోయిన పరీక్షలో జవాబు కింద మన కరెంటు బిల్లు రాసొచ్చా."

ఒర్తెన్సియా కూతురి వైపు చూసింది. త్రాసు గాల్లో ఊగుతోంది.

"అంటే నెలంతా నేను నీకు భయపడ్డాను. నువ్వు దేనికి భయపడ్డావు?"

"నీకు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వు తన్నుకొచ్చింది. కొనడానికొచ్చినావిడ ఎందుకో తెలియకుండానే తనూ నవ్వి, ఆ సందట్లో రెండు మిరపకాయలు సంచిలో వేసుకుంది.

"ఇంతకీ ఇది అప్పు కిందికి వస్తుందా తల్లీ?" ఒర్తెన్సియా త్రాసు దించి అడిగింది. తీర్పు చెప్పాల్సింది ఈ పిల్లే.

"మూడు గంటల పని చేసి సంపాదిస్తే అప్పెలా అవుతుంది? రాబడి." దనిత్సా లేచి చేతులు దులుపుకుంది. "జరుగు. క్యారెట్లు నేను తూస్తా."

ఒంటిగంటకి కసీల్దా చెమటతో, ఈలలతో తిరిగొచ్చింది. గల్లా చూసింది. మళ్ళీ చూసింది. "మా చెల్లెలు ఎప్పుడూ ఇంత అమ్మలేదు," అని మాత్రం అంది. ఎనిమిది కిలోలు తూచింది, పైన దోసెడు కాదు, ఖచ్చితంగా గుప్పెడు కొసరు వేసింది. వచ్చే శనివారం కూడా రిహార్సలుందని చెప్పింది. ఆ తరవాతి శనివారం కూడా.

జేబులో నూట నలభైతో మాంసం, బియ్యం, నూనె కొనుక్కుని, రెండింటికి బరువు సంచులతో ఇల్లు చేరేసరికి వంటింట్లో ఫెర్మీన్ నిలబడి ఉన్నాడు. చేతిలో ఖాళీ నాలుగో కవరు. ఒంటిమీద బస్సు కంపెనీ నీలం చొక్కా, ఇస్త్రీ మడతలతో.

"నిన్న సాయంత్రం చూశా. నూట నలభైయే ఉంది," అన్నాడు నేలచూపులు చూస్తూ. "నీ తప్పేం లేదు. మంచి ప్రయత్నం చేశాం. చొక్కా ఇంకా పడుతోందో లేదో అని..."

"పడుతోందా?" అంది ఒర్తెన్సియా.

"పొట్ట దగ్గర కొంచెం బిగువు."

"అయితే విప్పు. గుండీలు తెగితే కొత్తవి కొనడానికి కవరు లేదు."

ఆమె సంచులు బల్లమీద బోర్లించింది. దుంపలు దొర్లాయి. ఫెర్మీన్ వాటినీ, మాంసం పొట్లాన్నీ, బియ్యాన్నీ, పెళ్ళాం మొహాన్నీ మార్చిమార్చి చూశాడు.

"అప్పా?"

"రాబడి!" అన్నారు తల్లీకూతుళ్ళు ఒకేసారి.

మొత్తం కథ వినడానికి ఆయనకి రెండు పళ్ళేల అన్నం పట్టింది. తిన్నాక చెయ్యి కడుక్కుని ఫోను తీశాడు. పెట్టేశాడు. మళ్ళీ తీశాడు.

"సోమవారం దాకా టైముంది కదా. సోమవారం చేస్తా."

ఒర్తెన్సియా ఫోను లాక్కుని తనే నంబరు నొక్కి, మోగుతుండగా ఆయన చెవికి ఆనించింది.

"దోన్ రెమీహియో? నేనండీ, ఫెర్మీన్‌ని." ఆయన గొంతు సర్దుకున్నాడు. భార్య వైపు చూశాడు. నీలం చొక్కా పై గుండీ విప్పుకున్నాడు. "నా చోటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి."