నీలం చుక్క

“ఫోన్ ఉండంగ మళ్ల ఇంకోటి ఎందుకు?” అని మా ఆయన అడగడం ఆ వారంలో అది మూడోసారి. సైకిల్‌కు దారి చూపే యంత్రం కొనుక్కుంటానన్న నేనూ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, మూడోసారి అదే జవాబు చెప్పాను. ఎండలో ఫోన్ తెర కనిపించదు, మ్యాపు పెట్టుకుంటే మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోతుంది, దేవరకొండ దాటాక సిగ్నల్ ఉంటుందో ఉండదో, వానొస్తే తడిసిపోతుంది. అన్నీ నిజాలే. నాలుగు నిజాల వెనుక అసలు సంగతి దాచుకోవడం పెళ్లయిన ఆడదానికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

నా పేరు యాదలక్ష్మి, నలభై నాలుగేళ్లు. నల్గొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. అడ్మిషన్లు, హాల్‌టికెట్లు, బోనఫైడ్లు నావే. తనిఖీకి ఎవరైనా వస్తే చాయ్ కప్పులు సర్దేదీ నేనే. మగ క్లర్కులు ముగ్గురున్నారు గానీ వాళ్ల కళ్లకు కప్పులు ఆనవు. మా ఆయన మురళీమోహన్ హాలియా దగ్గర బడిలో టీచరు. మూడేళ్ల కింద షుగర్ వచ్చిందని తెలిసి గేర్ల సైకిల్ కొన్నాడు. పదకొండు రోజులు తొక్కాడు. ఆ తర్వాత దాని మీద తువ్వాళ్లు ఆరాయి. ఒకరోజు నేను తువ్వాలు తీసి, సీటు కిందికి దించి ఎక్కాను. మొదట సందు చివరి దాకా, తర్వాత గడియారం సెంటర్ దాకా, ఆ తర్వాత పానగల్లు చెరువు కట్ట దాకా. నాలుగున్నరకు లేచి, కూరగాయలు కోసిపెట్టి, పిండి తడిపి, ఐదున్నరకు బయటపడి ఏడు లోపల తిరిగొచ్చేదాన్ని. టిఫిన్ ఆలస్యం కానంత వరకు నా సైకిల్ మీద ఇంట్లో ఎవరికీ ఫిర్యాదు లేదు. మా ఆమె సైకిల్ తొక్కుతుందని ఆయన స్టాఫ్‌రూంలో గొప్పగా చెప్పుకుంటాడని కూడా విన్నాను.

నేను కొత్తకోట పోతానన్న దగ్గర చిక్కు మొదలైంది.

కొత్తకోటలో ఫర్హానా ఉంది. చండూరు పక్కన మా ఊళ్లో మాది మగ్గాల ఇల్లు, వాళ్లది సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం. వాళ్ల నాయన బాబా మియా మధ్యాహ్నం కునుకు తీసే గంటసేపు మా ఇద్దరికీ ఒక సైకిల్ ఊరికే దొరికేది. ఒకరు తొక్కితే ఒకరు వెనక కూర్చునేవాళ్లం. వాగు దాకా పోయి, అక్కడ మారి, వెనక్కి తిరిగేవాళ్లం. తిరిగే ముందు ప్రతిసారీ ఫర్హానా వాగు అవతలి దారిని చూసి “ఇంకొంచెం పోదామే” అనేది. ఎప్పుడూ పోలేదు. గంట అయిపోయేది, ఇంకా సమయం మిగిలినా భయమయ్యేది. పంతొమ్మిదేళ్లకు దాన్ని కొత్తకోట ఇచ్చారు. ఇరవై ఒకటికి నన్ను నల్గొండ ఇచ్చారు.

ఈ పాతికేళ్లలో మూడంటే మూడుసార్లు కలిశాం. చివరిసారి నాలుగేళ్ల కింద. కర్నూలులో పెళ్లి చూసుకుని కార్లో వస్తూ, కొత్తకోటలో కాసేపు ఆగుదామని నేనే బతిమాలాను. ఆయన కారు దిగలేదు. ఫర్హానా నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయి, పీట వేసి, చాయ్ పొయ్యి మీద పెట్టింది. చాయ్ మరిగేలోపు హారన్ మోగింది. తన మోకాళ్ల నొప్పుల గురించి ఏదో చెప్పబోతుంటే మళ్లీ మోగింది. నేను లేచాను. అది గుమ్మం దాకా వచ్చి భుజం మీద నా కొంగు సరిచేసింది. ఇన్నేళ్లయినా ఆ చెయ్యి నా భుజం మీద ఉన్నట్టే ఉంటుంది. ఆ తాగని చాయ్ కోసం నాకు ఇప్పటికీ నాలుక పీకుతుంది.

మొన్న ఎండాకాలం ఫోన్‌లో నా సైకిల్ సంగతి చెబితే అది నవ్వింది. “కార్ల రాకే,” అంది. “కార్ల వస్తే గంటల పోతవు. సైకిల్ మీద రా. కాళ్లు నొస్తయి గద, రెండు దినాలన్న ఉంటవు.”

అది నవ్వుతూనే అంది గానీ నాకు నవ్వు రాలేదు. ఫోన్ పెట్టేసి మ్యాపు తెరిచాను. దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, వనపర్తి, ఆ తర్వాత అది. రెండు వందల కిలోమీటర్ల పైమాటే. దసరా సెలవుల్లో నాలుగు రోజులు నెమ్మదిగా తొక్కితే చేరతాను. వచ్చేటప్పుడు సైకిల్‌ను బస్సు మీద వేసుకుంటే సరిపోతుంది. ఇంటి ముందు హారన్ కొట్టేవాళ్లు ఉండరు.

మా ఆయన పోవద్దనలేదు. “నేను వద్దంటలేను. కనపడుకుంట పొమ్మంటున్న,” అన్నాడు.

కనపడటం అంటే చెప్పాలి. రెండేళ్ల కింద నా ఫోన్ తీసుకుని ఏదో నొక్కి, నేనెక్కడుంటే అక్కడ తన ఫోన్‌లో నీలం చుక్క కనిపించేలా పెట్టుకున్నాడు. ఆడవాళ్లకు మంచిది అన్నాడు. నా గురించి ఇంత ఫికర్ పడే మనిషి ఉన్నాడని నేనూ మురిసిపోయాను, అబద్ధం ఎందుకు. నెల తిరక్కముందే ఒక సాయంత్రం అన్నం తింటూ, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా, “పదకొండున్నరకు మందుల దుకాణంల ఇరవై నిమిషాలు ఏం జేసినవ్?” అని అడిగాడు. కాలేజీలో ఉండగా నెలసరి వచ్చి ప్యాడ్ల కోసం పోయాను. దుకాణం నిండా మగవాళ్లుంటే వాళ్లు పోయేదాకా నిలబడ్డాను. ఆ ముక్కే చెప్పాను. “గట్లనా” అని పెరుగు వేసుకున్నాడు. తిట్టి ఉంటే కొట్లాడేదాన్ని. తిట్టలేదు. ఆ రోజు నుంచి రోడ్డు మీద ఎక్కడ ఆగినా నా లోపల ముందే ఒక జవాబు తయారవుతుంది. పానగల్లు కట్ట మీద నీళ్లు చూస్తూ నిలబడతాను, ఎందుకాగావంటే చైను పడిందని చెప్పాలి అనుకుంటాను. చైను ఏనాడూ పడలేదు.

కాలేజీలో ఆటలు నేర్పే దశరథ్ సార్ ఆదివారాలు గుంపుతో సైకిల్ మీద దూరాలు పోతాడు. దారి చూపే యంత్రం కావాలంటే తన దగ్గరున్న రెండు తెచ్చి, వాడి చూసి ఎంచుకోమన్నాడు. పెద్దదానికి రంగుల మ్యాపు, మలుపు రాగానే కూత. ఫోన్‌తో జత చేస్తే మనం పోయే దారంతా ఇంట్లోవాళ్లు కూర్చున్నచోట చూడొచ్చు, పడిపోతే అదే ఇంటికి కబురు పంపుతుంది. రెండోది అరచేతిలో పట్టేంత పాతరకం. గుండీలు నొక్కాలి, బూడిదరంగు తెర. పోవలసిన దారిని ముందే కంప్యూటర్ నుంచి ఎక్కించుకోవాలి. ఆ తర్వాత ఒక గీత, గీత మీద ఒక బాణం, అంతే. రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే రెండు రోజులొస్తుంది, ఆ సెల్లులు ఏ ఊరి కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. “ఇది ముసలిది మేడం. దీనికి ఎవ్వరితోటి మాట్లాడుడు రాదు,” అని దశరథ్ సార్ కొంచెం నామోషీగా ఇచ్చాడు. నాకు మాత్రం చూడగానే దాని మీద ప్రాణం పోయింది. నేనెక్కడున్నానో నాకు చెబుతుంది. ఇంకెవరికీ చెప్పదు.

మా ఆయన రెండూ తిప్పి చూసి పెద్దది బాగుందన్నాడు. పుట్టినరోజుకు తనే కొనిస్తానన్నాడు. మంచివాడే. అదే కదా బాధ.

ఆ ఆదివారం చిన్నదాన్ని కుర్తా జేబులో వేసుకుని పానగల్లు పోయొచ్చాను. వచ్చాక ఆపడం మరిచిపోయి పనిలో పడ్డాను. మధ్యాహ్నం ఆయన స్నేహితులు ఇద్దరు భోజనానికి వచ్చారు. బాసండ్లు తోమడం, బట్టలు ఉతకడం, మిద్దె మీదికి ఎక్కడం, దిగడం, మళ్లీ చాయ్. సాయంత్రం జేబులో బరువు తగిలి తీసి చూస్తే, చెరువు దాకా పోయొచ్చిన దారి శుభ్రంగా ఒక్క గీతలా ఉంది. మా ఇల్లున్న చోట మాత్రం గీత మీద గీత పడి, చిక్కుపడ్డ నూలు ఉండ. నెత్తి మీద కప్పు ఉంటే దానికి సరిగా అందదట, అందుకే తికమకపడి అక్కడక్కడే తిరుగుతుందట. మర్నాడు దశరథ్ సార్ చెప్పాడు. కానీ ఆ సాయంత్రం నాకది తెలియదు. పొద్దంతా నేను నడిచిన నడకే అది అనుకుని చూస్తూ ఉండిపోయాను.

మా అత్తమ్మ మల్లమ్మ పక్కకొచ్చి కళ్లజోడు సర్దుకుని చూసింది. “గిది ఆసు లెక్కున్నది,” అంది.

మా పుట్టిల్లూ అత్తిల్లూ మగ్గాల ఇళ్లే, నేతకు ముందు నూలును ఆసు పోయడం రెండిళ్లలోనూ ఆడవాళ్ల పనే. ఇటు ఒక మేకు, అటు అర్ధచంద్రంగా వరస మేకులు, వాటి చుట్టూ దారం చుడుతూ చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడుతూనే ఉండాలి. ఒక్క చీరెకు కొన్ని వేలసార్లు. మగ్గం మీద కూర్చున్నవాడే నేసినట్టు, చీరె మీద పేరు వాడిదే. మా అత్తమ్మ నలభై ఏళ్లు పోసింది. ఇప్పుడు కుడిచెయ్యి భుజం పైకి లేవదు, తల దువ్వేది నేనే.

“నా చెయ్యి ఎన్ని కోసులు నడ్సిందో బిడ్డా,” అంది. “నేను పీట మీద్నే ఉన్న.”

అప్పుడు నా నోట్లోంచి అసలు సంగతి వచ్చేసింది. ఎండా, బ్యాటరీ, సిగ్నల్ అన్నీ వట్టివేనని, ఫోన్ ఇంట్లో వదిలేసి పోవాలని ఉందని, అందుకే ఈ యంత్రమని చెప్పాను. ఎంతైనా ఆయన తల్లి కదా, ఏమంటుందోనని ఆమె మొహంలోకి చూశాను. “గా సెల్లులు జర ఎక్కువ పెట్టుకో,” అని లేచి లోపలికి పోయింది.

ఆయనకు చెప్పడానికి నాకు ఇంకో వారం పట్టింది. చిన్నదే కొంటున్నాను, ఫోన్ తీసుకుపోను అన్నాను. ఆయన ముద్ద పళ్లెంలోనే ఆగింది.

“నువ్వేడున్నవో నాకెట్ల తెల్వాలె?”

“నేను చెప్తె తెలుస్తది.”

దారిలో రాత్రుళ్లు ఆగే తెలిసినవాళ్ల పేర్లూ ఫోన్ నంబర్లూ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ప్రతి పొద్దూ వాళ్ల ఫోన్ నుంచి చేస్తానన్నాను. దారి పొడుగునా మటుకు నన్ను చూడొద్దన్నాను. అట్లయితే పోవుడే వద్దన్నాడు. తర్వాత నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ ఆయన చొక్కాలు నేనే ఇస్త్రీ చేశాను, ఎందుకు చేశానో నాకే తెలియదు. చేతులకు అలవాటు. ఐదో రోజు సైకిల్ హ్యాండిల్‌కు యంత్రాన్ని బిగించాను.

బయలుదేరిన పొద్దున ఆయన అటు తిరిగి పడుకునే ఉన్నాడు. నిద్ర కాదని ఇరవై మూడేళ్ల అనుభవం చెప్పింది. “పోయొస్త” అన్నాను. ఫోన్‌ను ఎప్పుడూ పెట్టే చోటే, వంటింట్లో పోపుల డబ్బా పక్కన, ఛార్జింగ్ పెట్టాను. గేటు దగ్గర అత్తమ్మ నిలబడి ఉంది. ఎడమచేత్తో కొంగు ముడి విప్పి నాలుగు పెన్సిల్ సెల్లులు నా చేతిలో పోసింది. సందు చివరి కొట్టుకు తనే నడిచిపోయి తెచ్చిందట. నేను కళ్లు తుడుచుకుంటుంటే, ఎండెక్కక ముందే పొమ్మని తొందరపెట్టింది.

దేవరకొండ రోడ్డు. ఊరి చివరి ఇళ్లు అయిపోయాయి, పత్తి చేన్లు మొదలయ్యాయి. కాలువ వంతెన దగ్గర సైకిల్ ఆపాను. ఊరికే ఆపాను. నీళ్లు నిండుగా పోతున్నాయి. అలవాటు కొద్దీ లోపల జవాబు కోసం వెతుక్కున్నాను. ఏమీ తయారై లేదు. హ్యాండిల్ మీది బాణం కూడా నాతోపాటే ఆగి నిలబడింది, ఎందుకాగావని అడగలేదు. ఎంతసేపు నిలబడ్డానో లెక్క లేదు. చాలనిపించాక, ఎవరూ లేని ఆ రోడ్డు మీద, “ఇంకొంచెం పోదామే” అని పైకే అని పెడలు మీద కాలు వేశాను.

ఆయన లేచి ఫోన్ చూసుకునే వేళయింది. అందులో నేను ఇంకా వంటింట్లోనే ఉన్నాను.