బస్సు దగ్గరుండే మనిషి

మా ఆయన రిటైరయ్యేదాకా ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా కళ్లారా చూడలేదు. ఈ మాట మా వీధిలో ఎవరికి చెప్పినా నమ్మరు. మా ఊరి టీమ్ పైఊళ్లలో ఆడటానికి వెళ్లినప్పుడల్లా వెనకాలే అభిమానుల బస్సు వెళ్తుంది. ఆ బస్సు నడిపింది ఎప్పుడూ ఆయనే. అందరినీ స్టేడియం గేటు ముందు దింపి, బస్సు తీసుకెళ్లి పార్కింగులో పెట్టి, మ్యాచ్ అయ్యేదాకా దాని పక్కనే నిలబడేవారు. గోడ అవతల నుంచి అరుపులు వినిపిస్తాయి. స్టేడియం మొత్తం ఊగిపోతే గోల్ వాళ్లది, ఒక్క మూల నుంచి కేకలొస్తే మనది. ఆయనకి తెలిసిన ఫుట్‌బాల్ అంతే. మా ఊళ్లోనే మ్యాచ్ ఉన్న రోజున సిటీ బస్సు డ్యూటీ. మాది చిన్న లీగ్, టీవీ వాళ్లు దాని మొహం కూడా చూడరు.

బస్సుకి తాళం వేసి లోపలికి వెళ్లొచ్చు కదా అంటారు. అక్కడే ఉంది తిరకాసు. చాలా ఏళ్ల కిందట ఒక వాన రోజున, బాత్రూం కోసం గేటు మనిషిని బతిమాలుకుని లోపలికి వెళ్లారు. వచ్చేటప్పుడు మెట్ల సందులోంచి పచ్చగా ఏదో కనిపించిందట. ఒక్క క్షణం ఆగారట. సరిగ్గా అప్పుడే మా గోల్‌కీపర్ చేతిలోకి వచ్చిన బంతిని జారవిడిచాడు. మ్యాచ్ పోయింది. తిరిగొచ్చేటప్పుడు ఈయన నోరు ఊరుకోక ఆ సంగతి బస్సులో చెప్పేశారు. ఇక చూసుకోండి. ఆయన బయట ఉంటే గెలుపు, లోపల అడుగు పెడితే ఓటమి అని తీర్మానం అయిపోయింది. బయట ఉన్నా ఓడిన మ్యాచులు బోలెడు. వాటికి వేరే కారణాలున్నాయట: రెఫరీ, ఎదురుగాలి, బస్సులో వచ్చే లెక్కల మాస్టారు తన టీమ్ మఫ్లర్ ఉతుక్కోవడం.

నాకు ఈ ఆట అంటే బొత్తిగా ఓపిక లేదు. కానీ ఒకసారి పని ఉండి అదే బస్సులో మ్యాచ్ ఉన్న ఊరికి వెళ్లాను. పని చూసుకుని పార్కింగుకి వస్తే, మిగతా డ్రైవర్లు కొందరు నిద్రపోతున్నారు, కొందరు టీకి పోయారు. మా ఆయన ఒక్కరే గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నారు. పక్క గదిలో ఎవరో తన గురించి మాట్లాడుకుంటుంటే వింటున్న మనిషిలా తల కాస్త వంచి. నన్ను చూడను కూడా లేదు. ఆ రోజు నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

ఈ మధ్య మోకాళ్లు మొరాయించి ఆయన రిటైరయ్యారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి బస్సు తీసుకుంది. సీజన్లో ఆఖరి మ్యాచ్ పైఊళ్లో పడింది. గెలిస్తే మా టీమ్ పై లీగ్‌కి వెళ్తుంది. ఇప్పుడాయనకి కాపలా కాయాల్సిన బస్సు లేదు. ఇప్పుడైనా నలుగురితో పాటు కుర్చీలో కూర్చుని చూస్తారని నేను గట్టిగా అనుకున్నాను.

ప్రయాణం ఏర్పాట్ల మీటింగు మా ముందు గదిలోనే పెట్టారు. అభిమానుల సంఘం ప్రెసిడెంటు వచ్చాడు. అతనిది టైర్ల కొట్టు. ఎండాకాలంలో కూడా టీమ్ మఫ్లర్ మెడలోంచి తియ్యడు. లెక్కల మాస్టారు వచ్చారు, కొత్త డ్రైవరమ్మాయి వచ్చింది. నేను టీ పోశాను.

ఎన్నింటికి బయల్దేరాలన్న దగ్గర మొదలైంది పేచీ. తెల్లారేసరికి ఊరు దాటాలని ప్రెసిడెంటు. అంత పొద్దున్నే వెళ్తే గేటు ముందు నిలబడి ఏం చేస్తామని మాస్టారు. దారిలో ఎక్కడెక్కడ ఆగాలన్న దానికి గంట పట్టింది. ప్రెసిడెంటుకి షుగరు, అతని కోసం ప్రతి పెట్రోలు బంకు దగ్గరా ఆగాలి. ఆ మాట ఎవరూ పైకి అనరు. "పిల్లలుంటారు కదా" అంటారు. పిల్లలెవరూ రావట్లేదు. మా ఆయన మాత్రం వంతెన దగ్గర రోడ్డు తవ్వేశారనీ, చుట్టూ తిరిగి వెళ్లాలనీ చెప్పి, బల్ల మీద వేలితో దారి గీసి చూపించారు. డ్రైవరమ్మాయి తలూపింది.

అప్పుడు ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, నీకు ముందు సీటు. కొత్త పిల్ల కదా, పక్కన పెద్దదిక్కుగా ఉంటావు. అక్కడికి వెళ్లాక కూడా, ఊరు కాని ఊళ్లో ఆడపిల్ల ఒక్కతే బస్సు దగ్గర ఉండటం..."

"నాకేం భయం లేదు బాబాయ్," అంది ఆ అమ్మాయి. "నేను లారీ కూడా నడిపాను."

"నువ్వు టీ తాగమ్మా," అన్నాడు ప్రెసిడెంటు.

నాకు విషయం అర్థమైంది. "అంటే ఆయనకి టికెట్ లేదా?" అన్నాను.

"టికెట్లు తక్కువొచ్చాయి వదినా."

"మీ బావమరిదికి వచ్చిందిగా?"

"వాడు... డ్రమ్ము కొడతాడు కదా."

ఒంటికాలి మీద లేచాను. ఇన్నేళ్లూ ఈ మనిషి ఎండనకా వాననకా మిమ్మల్ని మోసుకెళ్లి మోసుకొచ్చాడు, బయట పెట్టి తలుపేసుకోవడానికి మీకు మనసెలా వచ్చింది, ఆ బావమరిది డ్రమ్ము కంటే మా ఆయన తీసిపోయాడా అని దులిపేశాను. ప్రెసిడెంటు మింగలేక కక్కలేక మా ఆయన వైపు చూశాడు. మా ఆయన కప్పు కింద పెట్టారు.

"వాళ్లనేం అనకు. వద్దన్నది నేనే."

"ఏంటి వద్దన్నది?"

"టికెట్. ప్రతిసారీ ఇస్తూనే ఉన్నారు. నేనే తీసుకోను. నేను లోపలికి వెళ్తే ఏమవుతుందో తెలిసి కూడా ఎలా వెళ్తాను?"

"నీకు చెప్పొద్దని అన్నే అన్నాడు వదినా," అన్నాడు ప్రెసిడెంటు నెమ్మదిగా. "నువ్వు తిడతావని."

ఎవరి తరఫున ఇంతసేపు గొంతు చించుకున్నానో ఆ మనిషే అవతలి పక్షంలో ఉన్నాడు. వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను, నలుగురికీ వినపడేలా. చూడాలని లేదా అంటే ఉంది. ఆ గోడ దగ్గర నిలబడ్డ తీరు నేను చూశాను. లేకపోతే ఇంత బాధ ఎందుకు నాకు?

తలుపు వెనక మేకుకి ఆయన డ్యూటీ కోటు వేలాడుతోంది. ఖాకీ రంగు పోయి మట్టి రంగైంది. దాన్ని చూస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. ఇలాంటి వాళ్లతో మామూలు మాట చెల్లదు, వాళ్ల తిక్క భాషలోనే మాట్లాడాలి. కోటు తీసుకెళ్లి బల్ల మీద పడేశాను.

"ఆ వాన రోజు లోపలికి వెళ్లినప్పుడు మీ నెత్తి మీద ఏముంది?"

"వాన కదా. కోటు కప్పుకున్నాను."

"మిగతా రోజుల్లో ఈ కోటు ఎక్కడుండేది?"

"బస్సులో. సీటుకి తగిలించి."

"మరి? కోటు బస్సులో ఉన్న రోజున గెలిచారు. కోటు లోపలికి వెళ్లిన రోజున ఓడారు. మధ్యలో ఈయన మీద ఎందుకు పడ్డారు?"

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "వదిన చెప్పింది కొట్టిపారెయ్యలేం," అన్నారు. "మనిషీ కోటూ ఎప్పుడూ కలిసే ఉన్నాయి. ఏది అసలు కారణమో ఇంతవరకూ మనం విడదీసి చూడలేదు."

"ఒకవేళ కోటు కాకపోతే?" అన్నాడు ప్రెసిడెంటు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కాకపోతే మ్యాచ్ పోతుంది. మనుషులు పోరుగా?"

"అంత మాటనకు వదినా!" అని చెవులు మూసుకున్నాడు.

అయినా కోటు గెలిచింది. షరతులు రాయించినంత పని చేశాడు ప్రెసిడెంటు. కోటు డ్రైవరు సీటుకే తగిలించాలి. కోటు చేతులు స్టీరింగు వైపు ఉండాలి. డ్రైవరమ్మాయికి చలేసినా తొడుక్కోకూడదు. నేనూ ఒక షరతు పెట్టాను: డ్రమ్ము బావమరిది టికెట్ నాకు కావాలి. మా ఆయన్ని ఒక్కర్నీ పంపితే గేటు దగ్గరే వెనక్కి తిరుగుతారని నాకు తెలుసు.

ప్రయాణం సంగతి చెప్పక్కర్లేదు. ముందు సీట్లో కూర్చుని ఆయన దారి పొడుగునా కుడికాలితో లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. డ్రైవరమ్మాయి ఓపికకి దండం పెట్టాలి. ప్రతి పెట్రోలు బంకు దగ్గరా బస్సు ఆగింది, ప్రతి చోటా ప్రెసిడెంటు "పిల్లలెవరైనా దిగుతారా" అని అడిగి తనే దిగాడు. పార్కింగులో కోటుని సీటుకి సర్ది, కాలరు సవరించి, దానికేదో చెప్పి మరీ వచ్చాడు.

గేటు దగ్గర అనుకున్నట్టే మా ఆయన ఆగిపోయారు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను. మెట్లెక్కి పైకి రాగానే ఆయన చెయ్యి నా చేతిలో బిగుసుకుంది.

"ఇంత పెద్దదా!" అన్నారు.

మ్యాచ్ మొదలైంది. నాకు తోచక చుట్టూ జనాన్ని చూస్తున్నాను. ఉన్నట్టుండి మా మూలంతా లేచి గెంతులేసింది. గోల్, మాదే. ఇటు తిరిగితే మా ఆయన తల కాస్త వంచి, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుని ఉన్నారు.

"ఏమండీ! కళ్లు తెరవండి!"

తెరిచారు. "మనదేగా?" అన్నారు. "మూల నుంచి వచ్చింది అరుపు."

"మీరు ఆ మూలలోనే ఉన్నారండీ!"

వరస చివర కూర్చున్న ప్రెసిడెంటు గెంతడం మానేసి ఇటే చూస్తున్నాడు. మూసుకున్న ఆ కళ్లు అతనూ చూశాడు. మఫ్లర్ కొస నోట్లో పెట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

ఆ తర్వాత నుంచి మా ఆయన కళ్లార్పలేదు. కానీ ఆట మా చెయ్యి జారింది. అవతలి వాళ్లు ఒకటి కొట్టి సమం చేశారు. రెండో సగంలో ఇంకోటి కొట్టారు. స్టేడియం మొత్తం ఊగిపోయింది. మా మూలలో ఒక్కొక్క తలే ఇటు తిరగడం మొదలైంది. ప్రెసిడెంటు ఫోన్ తీసి డ్రైవరమ్మాయిని అడిగాడు. కోటు పెట్టింది పెట్టినట్టే ఉందట.

మా ఆయన లేచారు. మొహం వాడిపోయింది.

"ఇంకా టైముంది," అన్నారు నాతో. "నేను బస్సు దగ్గరుంటాను."

నేనేం చెప్పను? చెయ్యి పట్టుకుంటే, రేపు ఓడిపోయాక జన్మంతా ఆ పాపం తనదే అనుకుంటారు. వదిలేస్తే మళ్లీ ఆ గోడ. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వదిలేశాను. ఆయన వంగి వంగి, అందరి మోకాళ్లూ దాటుకుంటూ వరస చివరికి వెళ్లారు. చివర ప్రెసిడెంటు ఉన్నాడు. అతను కాళ్లు పక్కకి తిప్పితే దారి.

అతను తిప్పలేదు.

"జరుగు," అన్నారు మా ఆయన.

"కూర్చో అన్నా."

"నేను బయటికి వెళ్తే..."

"నువ్వు వెళ్తే గెలుస్తాం," అన్నాడు ప్రెసిడెంటు. "నాకు తెలుసు. నాకు తెలియదా? అయినా కూర్చో."

ఆ మనిషి అన్నం మానమంటే మానేవాడు, టైర్ల కొట్టు రాసిమ్మంటే రాసిచ్చేవాడు, ఆ ఒక్క మ్యాచ్ కోసం. రెండు కాళ్లూ ముందు సీటుకి తన్నిపెట్టి, మైదానం వైపే చూస్తూ, దారికడ్డంగా కూర్చున్నాడు. వెనకెవరో "కనబడట్లేదు, కూర్చోండయ్యా" అని కసిరారు. మా ఆయన ప్రెసిడెంటు పక్కన ఇరుక్కుని కూర్చున్నారు.

కూర్చున్న మరుక్షణం నుంచి అరవడం మొదలుపెట్టారు. రెఫరీని, లైన్ మనిషిని, మా వాళ్లని, వాళ్ల వాళ్లని, ఎవరినీ వదల్లేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆ నోటి నుంచి నేనెప్పుడూ వినని మాటలు వచ్చాయి. మాస్టారు నా వైపు చూడలేక తల తిప్పుకున్నారు. ప్రెసిడెంటు మాత్రం ఏడుస్తూ ఒక్కో తిట్టుకీ చప్పట్లు కొట్టాడు.

ఓడిపోయాం. పై లీగ్ ఆశ వచ్చే ఏడాదికి వాయిదా పడింది.

మర్నాడు పొద్దున ఆయనకి గొంతు లేదు. గుసగుస కూడా రావట్లేదు. ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంటుందని సంబరపడ్డాను. టీ పెడుతుంటే వంటింట్లోకి వచ్చి, ఉప్పు డబ్బాని గోల్‌కీపర్ని చేసి, గట్టు మీద చెంచాలన్నీ వరసగా పేర్చి, చిన్న ఉల్లిపాయ ఒకటి తీసుకుని, ఆ రెండో గోల్ ఎలా పడిందో చూపించడం మొదలుపెట్టారు. ఇదిగో వీడు ఇలా వచ్చాడు, వీడు ఇక్కడుండాల్సింది లేడు, అని చేతులతో, కనుబొమ్మలతో. నేను కూడా అక్కడే ఉన్నానని ఆయనకి గుర్తే లేదు. టీ పొంగి పొయ్యి మీద పోయింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంకోసారి చూపించమన్నాను.