కామెర్ల ఆఫీసు

నేను కథ చెబితే అందులో ఆవగింజంత కల్తీ ఉండదు. కావాలంటే నన్ను ఎరగనివాళ్ళని ఎవరినైనా అడగండి.

అదొక సాఫ్ట్‌వేర్ కంపెనీ. నాలుగో అంతస్తులో పొడవాటి హాలు, అరవై బల్లలు. కంప్యూటర్ తెర మీద ప్రతి మనిషి పేరు పక్కనా ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. అయిదు నిమిషాలు మౌసు కదపకపోయారా, చుక్క పసుపుపచ్చకు తిరుగుతుంది. దానికి ఆ హాల్లో 'కామెర్లు' అని పేరు. రోజూ పొద్దున్నే మేనేజరు అందరినీ నిలబెట్టి, నిన్న ఎవరికి ఎన్నిసార్లు కామెర్లొచ్చాయో చదివేవాడు. అందుకే ఆయన చాటున డాక్టరుగారు, ఎదుట సార్.

టెస్టరమ్మాయి ఉద్యోగం ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. మూడేళ్ళుగా అదే పని. తప్పులకన్నా ముందు ఆమె కళ్ళు తన చుక్కనే వెతుక్కునేవి. తినేటప్పుడు చెంచా ఎడమచేతికి మారింది, కుడిచేయి మౌసు మీదే. లేవాల్సి వస్తుందని మంచినీళ్ళు తాగడం మానేసింది. బల్ల కింద మోకాలు మాత్రం కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఊగుతూనే ఉండేది.

ఆ రోజు పదకొండింటికి బావ ఫోను.

"మరదలా, మీ అక్కకి నొప్పులు మొదలయ్యాయి. నువ్వొస్తేగాని లోపలికి పోనని ఆసుపత్రిలో కాన్పుగది గుమ్మం పట్టుకు నిలబడింది. తొందరగా రా తల్లీ!"

కిందటిసారి అక్కకు బిడ్డ దక్కలేదు. అప్పుడు చెల్లెలికి సెలవు దొరకలేదు. ఈసారి పక్కనే ఉంటానని అక్కకు మాటిచ్చింది.

మేనేజరు గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. హాలంతా చెవులు రిక్కించింది.

"సార్, మా అక్కకి కాన్పు. ఇప్పుడే వెళ్ళాలి."

"రేపు ప్రోగ్రాం పంపాలి కదమ్మా, ఎలా కుదురుతుంది?"

"ఒక్క పూట సార్."

"చూడమ్మా, ఇది ఆఫీసు కాదు, కుటుంబం. మనమంతా ఒక్క ఇంటివాళ్ళం. ఇంటివాళ్ళని కష్టంలో వదిలేసి పోతారా ఎవరైనా?"

ఈ మాట విన్నప్పుడల్లా ఆమె తల ఊపేది. ఆ రోజు మోకాలు ఊగింది గాని తల ఊగలేదు. తప్పులు పట్టే బుర్ర కదా, ఆ మాటలోనూ పట్టేసింది.

"అలాగా బాబాయ్?"

"ఏంటీ?"

"మా నాన్నకంటే చిన్నవాళ్ళు, బాబాయే అవుతారు మరి. అక్కడ నొప్పులు పడుతున్నది మీ అన్న కూతురేగా! లేవండి బాబాయ్, చెప్పులేసుకోండి. పిన్నికి కూడా ఫోన్ చేసి రమ్మనండి."

హాలు గొల్లుమంది. మౌసులు వదిలేసి, పొట్టలు పట్టుకుని నవ్వారు. అయిదు నిమిషాలు దాటాయి. ఒక్కో చుక్కా పసుపుపచ్చకు తిరిగింది, ఆఖరికి డాక్టరుగారిది కూడా! అందరికీ ఒక్కసారే కామెర్లు.

టెస్టరమ్మాయి లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీద పరుగెత్తింది.

"వచ్చావటే!" అంటూ అక్క ఆమె మణికట్టు పట్టుకుంది, గాజు చిట్లేంత గట్టిగా. రెండింటికి ఆడపిల్ల కేరుమంది. రెండున్నరకు చెల్లెలి ఫోనుకి ఆఫీసు నుంచి మెసేజి వచ్చింది. 'మీరు మా కుటుంబ వాతావరణానికి సరిపోరు. రేపటినుంచి రానక్కర్లేదు.'

"ఏంటే అది?"

"ఏం లేదక్కా. బాబాయ్ నన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు."

పాపను ఒళ్ళోకి తీసుకుంది. కాసేపటికి అక్క తల ఎత్తి చూసింది.

"దాని కాలెందుకే అలా నొక్కుతున్నావ్?"

చెల్లెలు కిందికి చూసుకుంది. తన చూపుడువేలు పాప అరికాలి మీద టిక్కు టిక్కుమంటోంది.

"కామెర్లు రాకుండా," అంది.

ఇక నా గొప్ప సంగతి. ఆవగింజంత కల్తీ లేదన్నానా? గుమ్మడికాయంత ఉంది. హాలు నవ్వడం నా కల్పనే. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. తలలు వంచుకుని అందరూ మౌసులు కదుపుతూనే ఉన్నారు, ఒక్క చుక్కా రంగు మారలేదు. బాబాయ్ అన్న మాట మాత్రం నిజం. ఆ వేలూ నిజమే, అది ఇప్పటికీ ఆగలేదు.