మూసిన తలుపు లెక్క

ఎర్సీలియా ఆ బడిలో పనికి కుదిరిన నాడు ఆమె పెట్టుబడి ఒక తాళాలగుత్తి, ఒక చీపురు, అమ్మ అల్లిచ్చిన ఎర్ర ఉన్ని మఫ్లర్. ఈ ఆఖరి రోజున కూడా ఆ మూడింటితోనే మెట్లు తుడుస్తోంది. చెమట పట్టేసరికి మఫ్లర్ తీసి గోడమేకుకు తగిలించింది. ఇటలీలోని ఆ ఉంబ్రియా కొండల్లో చెమట పట్టిన మెడకు గాలి తగలడమంటే పిడుగు కన్నా భయం. విశ్రాంతి గది కిటికీలోంచి చలిగాలి కొడుతోంది. లోపలికి చూడకుండానే తలుపు లాగి మూసేసింది. కడుపునొప్పితో అక్కడ పడుకున్న చిన్నారి లవీనియా ఆమె కంటపడలేదు.

"రేపట్నుంచి ఈ గాలి నాకు అప్పగిస్తున్నావన్నమాట పిన్నీ!" అంది, ఆమె స్థానంలోకి వస్తున్న డొనాటా.

"నీది లేత మెడేలే, తట్టుకుంటుంది."

ఇంతలో నేల ఊగింది. పిల్లలు బల్లల కింద దూరి, ఊపు ఆగగానే వరసకట్టారు. ముందున్నవాడు దారి తీశాడు, చివరివాడు తలుపు మూశాడు. ఆ బడిలో మూసిన తలుపంటే లోపల ఎవరూ లేరని గుర్తు. డొనాటా తలుపులన్నీ చూసుకుంటూ బయటికి పరుగెత్తింది.

ఆవరణలో టీచరు పేర్లు పిలిచింది. లవీనియా పలకలేదు.

"విశ్రాంతి గదికి పంపానే!" టీచరు మొహం పాలిపోయింది.

"ఆ తలుపూ మూసే ఉంది కదండీ," అంది డొనాటా.

"మూసింది నేనే," అంది ఎర్సీలియా, అప్పటికే మెట్లెక్కుతూ.

"పిన్నీ, మళ్ళీ ఊగుతుందేమో!"

"ఊగనీవే. తాళాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి."

పెచ్చులూడిపడి తలుపు బిగుసుకుపోయింది. భుజంతో రెండుసార్లు గుద్దితే తెరుచుకుంది. బడి పిల్లలందరికీ ఎర్సీలియా అమ్మమ్మే. మంచం కిందనుంచి చిన్న గొంతు వినిపించింది: "అమ్మమ్మా, కదలకుండా ఉన్నాను. మీరు నేర్పినట్టే."

"నా బంగారమే! పద, మీ టీచరు ఏడుస్తోంది."

సాయంత్రం అగ్నిమాపక సిబ్బంది గోడలు పరీక్షించి పరవాలేదన్నారు. ఎర్సీలియా తాళాలు డొనాటా చేతిలో పెట్టి, చీపురు మూలన ఆనించి, ఒకసారి పైకి వెళ్ళొచ్చి, కోటు కాలరు ఎత్తుకుని కొండ దిగిపోయింది. లెక్క చూస్తే పోయింది ఒక మఫ్లర్. ఆ రాత్రి లవీనియా తన ఇంట్లో సూప్ వద్దని మారాం చేసింది.

మర్నాడు డొనాటా వచ్చేసరికి విశ్రాంతి గది తలుపు బార్లా తెరిచి ఉంది. పిడి నుంచి గోడమేకు దాకా బిగించి కట్టిన ఎర్ర మఫ్లర్ గాలికి వణుకుతోంది.