నాలుగో బ్యాటు

గౌస్ మొహిద్దీన్ రొట్టెల భట్టీలోకి చెక్కతెడ్డు పెట్టి బ్యాటును బయటికి లాగి, మైదా బస్తా మీద పడుకోబెట్టాడు.

"పీరన్నా, నీ రొట్టె మాడలె. తీస్కో."

పీరయ్య దాన్ని గోనెగుడ్డతో పట్టుకుని, లావు కొస మీద తాళంచెవితో కొట్టి, చెవి దగ్గరికి తెచ్చి విన్నాడు. మోత ఆగేదాకా కదల్లేదు.

"ఇది మోగుతున్నది, గౌస్ భాయ్," అన్నాడు.

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో అల్యూమినియం కిటికీలు చేసే దుకాణంలో పీరయ్య ఇరవై రెండేళ్లు పనిచేశాడు. దుకాణం వెనక మైదానంలో ఫిలిప్పీన్స్ కూలీలు శుక్రవారం పొద్దున బేస్‌బాల్ ఆడతారు. కొన్నేళ్ల కింద వాళ్ల కట్టె బ్యాటు విరిగితే, క్రేన్ నడిపే రోడెల్ వచ్చి పైపుతో చేసి పెట్టమన్నాడు.

మొదటిది కర్టెన్ పైపు. పిడి సన్నం చేయడానికి పైపుకు సబ్బు రుద్ది, సబ్బు నల్లబడేదాకా కాల్చి, మెత్తబడ్డాక సుత్తితో సాగగొట్టాడు. మొదటి బంతికే అది వంగింది. ఆడేవాళ్లు దాన్ని అరటిపండు అన్నారు. రెండోది మందం పైపు. వంగలేదు గానీ, దాన్ని ఊపితే మణికట్లు వాచాయి. మూడోదాన్ని లేతు మిషను మీద తిప్పి పల్చన చేసి పిడిని వెల్డు చేశాడు. అతుకు ఊడి లావు ముక్క ఎగిరి ఒకడి కాళ్ల ముందు పడింది. ఆ రోజు నుంచి కంపెనీ స్టాంపు లేని బ్యాటు ఆటలోకి రాకూడదని రూలు పెట్టుకున్నారు.

తప్పు ఎక్కడుందో పీరయ్యకు తెలియడానికి ఏళ్లు పట్టింది. కిటికీలను ఎవరూ మంటలో పెట్టరు. మంట తీసుకున్న గట్టిదనాన్ని తిరిగి ఇవ్వాలన్న సంగతి కిటికీల మనిషికి తెలియదు. కారు చక్రాలు బాగుచేసే పాకిస్తానీ ఒకాయన చెప్పాడు: మలిచాక ఇంకా ఎక్కువ వేడి చేసి నీళ్లలో ముంచు, తర్వాత రొట్టెల వేడిలో రాత్రంతా ఉంచు. నాలుగోది అలా తయారైంది. దానికి అతుకు లేదు.

సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలు ఇవ్వాలనే నితాఖాత్‌లో దుకాణం లెక్క తప్పి ఎరుపు జాబితాలో పడింది. బయటిదేశపు పనివాళ్ల మీద లెవీ పెరిగాక కఫీల్, అంటే దుకాణం యజమాని, షట్టర్ దించి, పీరయ్యను ఇంటికి పంపేందుకు ఎగ్జిట్ వేశాడు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి అబ్హా నుంచి విమానం. ఈ పొద్దు ఆడకపోతే ఈ బ్యాటు తరఫున మాట్లాడే మనిషి ఇక ఇక్కడ ఉండడు.

పీరయ్య సంచీతో సహా మైదానానికి వెళ్లాడు. అవతలి జట్టు కెప్టెన్ దాంతే బ్యాటును తిప్పి తిప్పి చూసి, స్టాంపు లేదన్నాడు. రోడెల్ వాదించాడు. చివరికి దాంతే ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద: సొట్ట పడితే ఇవాళే కాదు, ఎప్పటికీ బయటే.

ప్రతి దెబ్బ తర్వాత దాంతే వచ్చి బొటనవేలితో తడిమాడు. పీరయ్య గట్టు మీద కూర్చుని చూపు తిప్పలేదు. సొట్ట పడలేదు.

ఆఖరి వంతులో దాంతే జట్టు ఒక్క పరుగు వెనక ఉంది. కొట్టాల్సింది దాంతేనే. తన కంపెనీ బ్యాటు తీసుకుని రెండడుగులు వేసి ఆగాడు. దాన్ని కింద పెట్టి, వెనక్కి వచ్చి పీరయ్య బ్యాటు ఎత్తుకున్నాడు. అతని జట్టు మనిషి ఒకడు అప్పటికే సగం చుట్టు పరుగెత్తి బేస్ మీద నిలిచి ఉన్నాడు. బంతి కంచె దాటి కూరగాయల దుకాణం రేకుల మీద పడింది. ఇద్దరూ చుట్టి వచ్చారు, రెండు పరుగులు. ఓడిన రోడెల్ అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి పీరయ్యను ఎత్తుకున్నాడు.

దాంతే బ్యాటు తెచ్చి పిడి చూపించాడు. స్టాంపు వెయ్యి సదీఖ్, నా దోస్తూ, వచ్చే వారం ఎవడూ అడగొద్దు, అన్నాడు.

పీరయ్య సంచీ విప్పి నంబరు పంచుల డబ్బా తీశాడు. చేసిన ప్రతి కిటికీకి వాటితోనే నంబరు వేసేవాడు. ఒక పంచు ఏరి పిడి మీద నిలబెట్టి, ఒక్కటే దెబ్బ కొట్టాడు.

"కిటికీకి కొడ్తం గద. గదే, దీనికి గూడ," అన్నాడు తనలో తాను.

గౌస్ టాక్సీ తెచ్చాడు. పీరయ్య డబ్బా సంచీలో వేసుకుని ఎక్కాడు. కంచెకు కంపెనీ బ్యాట్లు ఐదు ఆనించి ఉన్నాయి. వాటి పక్కన ఆరోది, పిడి మీద 4 అంకెతో, ఎండలో ఇంకా వెచ్చగా ఉంది.